పన్నెండు దాకా ఎత్తకు నాన్నా

తొమ్మిదో తరగతి చదివే శ్రీదుర్గ పుట్టి బుద్ధెరిగాక తన తండ్రి బుల్లబ్బాయికి ఒకే ఒక్క ఆజ్ఞ ఇచ్చింది. పిల్లల మాట పెద్దవాళ్ళు వినరని లోకం ఆడిపోసుకుంటుంది గానీ, బుల్లబ్బాయి మాత్రం అక్షరం పొల్లుపోకుండా విన్నాడు. వినకపోయినా బాగుండేది.

బుల్లబ్బాయికి భీమవరం అవతల రెండెకరాల రొయ్యల చెరువు ఉంది. ఉందంటే కౌలుకి ఉంది. రొయ్యకి రాత్రీ పగలూ గాలి కావాలి. నీళ్ళలో ఏరేటర్లు తిరుగుతున్నంతసేపూ అది మహారాజులా బతుకుతుంది. కరెంటు పోయి అవి ఆగాయంటే వెంటనే జనరేటర్ వెయ్యాలి. లేకపోతే ఊపిరాడక పైకి తేలిపోతుంది, ఇక దాని పని అయిపోయినట్టే. కిందటి పంట అలాగే పోయింది. గట్టు మీద మంచం వేసుకుని కాపలా ఉన్న మనిషికి ఓ పూట కునుకు పట్టింది, అంతే. ఈ పంట కూడా పోతే చెరువు వదిలేసి ఎక్కడికైనా కూలికి పోవడమేనని ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

శ్రీదుర్గ ఓ మిషన్ తయారుచేసింది అందుకే. కరెంటు పోగానే అది బుల్లబ్బాయికి ఫోన్ చేస్తుంది. ఆయన ఎత్తకపోతే రెండో నంబరుకి, అంటే సైన్సు మాస్టారు సత్యప్రసాద్ గారికి చేస్తుంది. ఆయనా ఎత్తకపోతే మళ్ళీ మొదటికొస్తుంది. ఎవరో ఒకరు ఎత్తేదాకా, లేదా కరెంటో జనరేటరో అందుకునేదాకా దానికి విసుగన్నది లేదు. రెండు నెలలుగా ఒక్కసారి కూడా తప్పలేదు. ఇంకో పది రోజుల్లో పట్టుబడి, అంటే రొయ్య పట్టి అమ్మడం.

రాజమండ్రిలో సైన్సు పోటీకి పిలుపు రాగానే శ్రీదుర్గ అచ్చం అలాంటిదే ఇంకోటి చేసింది. చెరువు దగ్గరిది కదల్చలేదు, అంత తెలివితక్కువ పిల్లేం కాదు. రెండు మిషన్ల నంబర్లనీ మాత్రం రెండు ఫోన్లలోనూ 'చెరువు' అన్న ఒక్క పేరు మీదే వేసింది. అసలు చూపించాల్సిన వింతేమో, ఒకరు ఎత్తకపోతే ఇంకొకరికి మోగడం. అందుకే బయల్దేరే ముందు రోజు తండ్రికి పాఠం చెప్పింది.

"నువ్వు ఎత్తేశావనుకో నాన్నా, సార్‌కి మోగదు, నా పరువు పోద్ది. రేపు పన్నెండు దాకా ఎత్తకు."

"ఎత్తనమ్మా."

"ఎవరు చేసినా ఎత్తకు. నువ్వు వేరే వాళ్ళతో మాట్లాడుతుంటే మిషన్ కాల్ కలవదు."

"కలెక్టర్ గారు చేసినా ఎత్తను. సరేనా?"

మరి నిజంగానే కరెంటు పోతేనో? ఆ ప్రశ్న తండ్రికీ తట్టలేదు, కూతురికీ తట్టలేదు. పగలు ఆయన గట్టు మీదే ఉంటాడు కదా, ఏరేటర్ ఆగితే కళ్ళతోనే చూస్తాడు కదా!

పోటీ జరిగే కాలేజీ హాల్లో అరవై బల్లలు వేశారు. అందులో పది బల్లల మీద అగ్నిపర్వతాలే పొంగుతున్నాయి. శ్రీదుర్గ తన బల్ల వెనక ఓ చార్టు అంటించింది. ఏరేటర్లు ఆగాక రొయ్య ఎంతసేపు తట్టుకుంటుందో స్కెచ్ పెన్నుతో అందులో గీసింది. ఎండ కాసే రోజైతే ఇంత, మబ్బు పట్టిన రోజైతే గంట. మూడు రోజులుగా గోదావరి జిల్లాలంతటా మబ్బే.

పదింటికి మొదటి జడ్జి వచ్చారు. శ్రీదుర్గ ప్లగ్గు పీకింది. ఫోన్ తండ్రికి వెళ్ళింది, ఆయన ఎత్తలేదు, పక్కనే ఉన్న మాస్టారి ఫోన్ మోగింది. జడ్జి తలాడించారు. రెండో జడ్జి వచ్చారు, ఆయనకీ అంతే. తర్వాత ముఖ్య అతిథి వస్తే ఆయనకీ చూపించింది. మూడుకి మూడుసార్లూ బుల్లబ్బాయి మాట నిలబెట్టుకున్నాడు. శ్రీదుర్గ ఆనందం పట్టలేక పక్క బల్ల పిల్ల తబితకి తన నీళ్ళసీసా ఇచ్చేసింది.

పది నలభైకి మాస్టారి ఫోన్ దానంతటదే మోగింది.

"ప్లగ్గు సరిగ్గా పెట్టావా అమ్మాయ్?" అన్నారు సత్యప్రసాద్ గారు.

పెట్టింది. గట్టిగా నొక్కింది. ఫోన్ ఆగి మళ్ళీ మోగింది. మిషన్ పాడైందనుకుని శ్రీదుర్గకి ఏడుపొచ్చినంత పనైంది, ఫైనల్ జడ్జి రెండు బల్లల అవతలే ఉన్నారు. బ్యాటరీ పీకేసింది. ఇంక దానికి ప్రాణం లేదు. అయినా ఫోన్ మోగింది. అప్పుడు నంబరు చూసింది. చివర నలభై ఆరు.

"సార్," అంది, ఫోన్ ఆయన వైపు తిప్పింది. "ఇది చెరువు దగ్గరిదండి."

"మీ నాన్నగారు అక్కడే ఉంటారుగా. జనరేటర్ వేసుంటారులే."

"వేస్తే ఆగిపోద్ది సార్. ఆగట్లేదు. నాన్న అక్కడ లేడు."

మాస్టారు గాభరాగా ఫోన్ ఎత్తబోయారు. శ్రీదుర్గ ఆయన చెయ్యి పట్టేసుకుంది. ఎత్తితే మిషన్ ఊరుకుంటుంది, ఎవరికో తెలిసిందిలే అనుకుంటుంది. అది మోగాల్సింది నాన్నకి. మోగీ మోగీ విసుగొచ్చయినా ఆయన ఎత్తాలి. పోనీ మధ్యలో మాస్టారి ఫోన్‌తోనే తను చేద్దామంటే మిషన్ లైన్ వదలదు, ఆయన నంబరు బిజీ. ఎప్పుడన్నా కలిసినా ఎత్తడు. బంగారం లాంటి తండ్రి, ఇచ్చిన మాట తప్పడు! మెసేజ్ పెట్టింది. ఆయన మెసేజ్ తెరిచి ఎరగడు.

తల్లి వీరవేణికి చేసింది. ఆవిడ రొయ్యల ఫ్యాక్టరీలో పొట్టు తీసే పనిలో ఉంది, ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకుంటారు. ఇంక ఊళ్ళో ఎవరికి చెయ్యాలి? అందరి నంబర్లూ నాన్న ఫోన్లోనే ఉన్నాయి. మాస్టారు బడి అటెండరు వీరబాబుకి చేశారు.

"అయ్యో, నేను జంగారెడ్డిగూడెంలో అత్తోరింటి దగ్గరున్నానండి. మీరేం కంగారుపడకండి సార్, ఇప్పుడే బుల్లబ్బాయి గారికి ఫోన్ చేసి చెప్తాను."

శ్రీదుర్గ నెత్తి కొట్టుకుంది. తర్వాత వీరబాబు, పాపం, ఇంకో ముగ్గురికి చేశాడు. ఒకరు ఎత్తలేదు, ఒకరు భీమవరంలో ఉన్నారు, మూడో ఆయన ఇప్పుడే వెళ్తానన్నాడు. ఆ 'ఇప్పుడే' ఎంతసేపో ఆ పిల్లకి బాగా తెలుసు.

ఫైనల్ జడ్జి బల్ల దగ్గరికి వచ్చారు. కళ్ళజోడు పెట్టుకున్న పెద్దావిడ. మోగుతున్న ఫోన్ చూసి ముచ్చటపడ్డారు.

"ప్లగ్గు తియ్యకుండానే మోగుతోందే! ఇంకో యూనిట్ చెరువు దగ్గర పెట్టారా? లైవ్ డెమోనా?"

"లైవేనండి," అంది శ్రీదుర్గ. కన్నీళ్ళు బొటబొటా కారిపోతున్నాయి. "నిజంగా పోయిందండి కరెంటు. మా నాన్న ఎత్తట్లేదండి."

ఆవిడ కాగితం మీద ఏదో రాయబోయి ఆగిపోయారు.  ఏం చెయ్యాలో ఆవిడకి మాత్రం ఏం తెలుసు? శ్రీదుర్గ భుజం తట్టి పక్క బల్లకి వెళ్ళారు.

పదకొండున్నర అయింది. పదకొండు నలభై అయింది. చార్టులో తను గీసిన గంట తన వీపు వెనకే ఉంది, శ్రీదుర్గ అటు తిరగలేదు. దేవుళ్ళందరికీ మొక్కింది. తర్వాత తిట్టింది. మిషన్ని తిట్టింది, నాన్నని తిట్టింది, అన్నిటికన్నా ఎక్కువ తన నోటినే తిట్టుకుంది.

సరిగ్గా పన్నెండుకి ఫోన్ వచ్చింది. ఈసారి తెర మీద పేరు బుల్లబ్బాయిది.

"అమ్మా! పన్నెండైంది, ఇక మాట్లాడొచ్చుగా? ఎన్నిసార్లు మోగించావే తల్లీ! మీ బాబాయి గృహప్రవేశానికి లాక్కొచ్చాడు, మిషన్ ఉందిగా అని వచ్చాను. ఇక్కడ భోజనాల్లో అందరికీ చూపించాను, మా అమ్మాయి రాజమండ్రి నుంచి మోగిస్తందని. మీ బాబాయి ఎత్తబోతే చేతి మీద ఒక్కటిచ్చాను. ఒక్కటి కూడా ఎత్తలేదు!"

"నాన్నా," అంది. "చెరువు దగ్గర కరెంటు పోయింది. పది నలభైకి."

 కుర్చీ పడిన చప్పుడైంది, ఎవరో ఏంటి ఏంటి అంటున్నారు, బండి స్టార్టయింది. ఆయన ఫోన్ ఆపలేదు, అలాగే జేబులో పడేసుకున్నాడు. శ్రీదుర్గ చెవికి ఆనించుకుని వింటూ కూర్చుంది. చాలాసేపు గాలి. తర్వాత పరుగు, ఆయాసం. జనరేటర్ మొదటి లాగుకే అందుకుంది. ఆ మోత మీద కొంగల అరుపులు, ఎప్పుడూ లేనన్ని కొంగలు. మాస్టారు తల వంచుకుని నిలబడ్డారు.

"అమ్మా, ఉన్నావా?"

"ఉన్నాను నాన్నా."

"గట్టు పొడుగునా తేలిపోయిందమ్మా. ఏం లేదింక." ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే ఆ పిల్లకి కాస్త తేలికగా ఉండేది. కాల్స్ తిరగేసి చూసి అన్నాడు, "ఫోన్లో చెరువు అని పడ్డవే యాభై పైన ఉన్నాయి. రెండు మిషన్లకీ ఒకటే పేరాయె. ఇందులో నువ్వు మోగించినవెన్నమ్మా?"

అన్నీ నేనే మోగించాను నాన్నా, నువ్వు ఎత్తినా లాభం లేకపోయేది అని చెప్పేద్దామనుకుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ పుట్టి బుద్ధెరిగాక ఆ తండ్రికి ఆమె ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు, ఎలా చెప్పాలో తెలియలేదు.

"మూడు," అంది.

"మూడేనా?"

"మూడే నాన్నా. మిగతావన్నీ చెరువు నుంచే."