వండేవాళ్ళు లెక్కలో ఉండరు

కీరదోసకాయలు నలభై. క్యారెట్లు ఆరు కిలోలు. అవి తరగడం అయ్యాక దంపుడు బియ్యం పొయ్యెక్కించాలి. మామూలు బియ్యానికి రెట్టింపు సేపు ఉడుకుతాయవి. పరాయి దేశంలో తెలుగువాళ్ళు పెట్టుకున్న టాంపినీస్ మిత్రమండలిలో ఆ ఆదివారం నుంచి ‘ఆరోగ్య భోజనం’. తక్కువ నూనె, తక్కువ ఉప్పు, తీపి అసలే వద్దు. పని మాత్రం ఎవరూ తగ్గించలేదు. తోడుగా వండే రాజమ్మ పోయాక ఆ వంటింట్లో కాత్యాయని ఒక్కతే.

విశ్వనాథం గుమ్మం అవతలే నిలబడి కాగితం చాపాడు. ఆమె భర్త, మండలి అధ్యక్షుడు. ఇరవై రెండేళ్ళలో ఆ గడప దాటి లోపలికి అడుగు పెట్టింది లేదు.

“పన్నెండింటికి మైకులో ఇది చదువు. నాలుగు ముక్కలే. తడబడకు, వచ్చేవాళ్ళంతా పెద్ద ఉద్యోగస్తులు.”

చేతులు చెంగుకి తుడుచుకుని చదివింది. ‘మా రాజమ్మ నోరు కట్టుకోలేక షుగరు పెంచుకుంది. కాలు పోయింది, ప్రాణం పోయింది. ఆవిడలా మీరెవరూ కాకూడదు.’

“ఏవండీ, ఆవిడ పోయి మూడు నెలలేగా...”

“అబద్ధమా? ఫొటో కూడా దొరికింది, మైకూ తెరా చూసుకునే కుర్రాడు వరుణ్ స్లైడ్ చేశాడు. పోయినావిడకి సిగ్గేమిటే ఇంకా?”

ఐదో తరగతిలో బడి మానేసిన కాత్యాయని పొట్లాల కాగితాలు కూడబలుక్కుంటూ తనంతట తానే చదవడం నేర్చుకుంది. రాజమ్మది తాతల కాలంలోనే ఈ దేశానికొచ్చిన కుటుంబం. తెలుగు మాట్లాడ్డమే గాని అక్షరం రాదు. వంకాయలు తరుగుతూ అడిగేది, “చదవమ్మా, ఆ పిల్ల మొగుణ్ణి వదిలేసిందా, ఇంకా ఏడుస్తానే ఉందా?” వారపత్రికలో సీరియల్ కాత్యాయని చదివి వినిపిస్తే, మొగుడి పాత్ర వచ్చినప్పుడల్లా కత్తిపీట మీద కాయని ఠపీమని కోసేది.

భోజనానికి వచ్చేవాళ్ళు వారం ముందే ఫోన్లో పేర్లిస్తారు. నూట ఇరవై పేర్లొస్తే నూట ఇరవైమందికే బియ్యం. వండేవాళ్ళ పేర్లు అందులో ఉండవు. “మిగిలింది మీరు తింటారుగా, పారబోస్తే బాగోదు,” అని విశ్వనాథం మొదట్లో అన్న మాటే పద్ధతైపోయింది. ఆఖరి బంతి లేచేసరికి మూడయ్యేది. గిన్నెల అడుగున మాడు. పుట్టినరోజులకీ ప్రమోషన్లకీ ఎవరెవరో తెచ్చిన మిఠాయిలు మాత్రం ఎప్పుడూ మిగిలేవి. పొద్దున్నే షుగరు మాత్ర మింగి వచ్చిన రాజమ్మకి రెండింటికల్లా చెమటలు పట్టేవి, చేతులు వణికేవి. కాత్యాయని మైసూరుపాకు ముక్క నోట్లో పెట్టేది. “మకాన్ అయిపోయింది పో,” అని భోజనానికి అక్కడి దేశపు మాట వాడి రాజమ్మ నవ్వేది. వెళ్ళేటప్పుడు లడ్డూలు డబ్బాలో సర్ది ఇచ్చేది కూడా కాత్యాయనే. ఇంటికెళ్ళి వండుకునే ఓపిక ఆవిడకి ఉండదని తెలుసు. ఇంకో రెండు గుప్పిళ్ళ బియ్యం పోద్దామని ప్రతి ఆదివారం అనుకునేది. ఆయన ఏమంటాడోనని పోసేది కాదు.

ఆసుపత్రిలో ఆఖరిసారి చూసినప్పుడు దుప్పటి ఒకవైపు చదునుగా ఉంది. “ఇంకాసేపు కూర్చోమ్మా,” అంది రాజమ్మ. బస్సు వేళైందని కాత్యాయని లేచి వచ్చేసింది. ఆ రోజు బస్సు పావుగంట ఆలస్యంగా వచ్చింది.

పన్నెండింటికి తెర మీద రాజమ్మ. నోరు తెరిచి ఉంది, నోటి దగ్గర లడ్డూ. కింద ఎర్రటి అక్షరాలు: ‘తీపికి బలి’.

“అయ్యో, ఆంటీకి అంత ఆశా!” ఎవరో అన్నారు. వెనక వరసలో పిల్లలు కిసుక్కున నవ్వారు.

“ఎంత చెప్పినా వినేది కాదండీ, నోటియావ,” అని విశ్వనాథం మైకులో నిట్టూర్చాడు. “ఇప్పుడు మా ఆవిడ రెండు మాటలు చదువుతుంది. చదువు తక్కువ, తప్పులుంటే సర్దుకోండి.”

మళ్ళీ నవ్వులు. కాత్యాయని కాగితం విప్పింది. అక్షరాలన్నీ స్పష్టంగానే కనిపిస్తున్నాయి. మడిచేసింది.

“రాజమ్మక్క యావతో తినలేదు,” అంది. “మీరందరూ తిని లేచాక మాకు మిగిలేది తీపొక్కటే. మీరు మిగిల్చారు. నేను పెట్టాను. షుగరని తెలిసే పెట్టాను.”

“వరుణ్, మైకు ఆపు!”

మైకు ఆగింది. ముందు వరసలో ఒకాయన గడియారం చూసుకుని, “మరి భోజనాలెప్పుడండీ?” అన్నాడు.

“వంటయింది. వడ్డించుకోండి,” అంది కాత్యాయని.

వంటింట్లోకి వెళ్ళి పళ్ళెంలో అన్నం పెట్టుకుని, పప్పు వేసుకుని వచ్చింది. భర్త పక్క కుర్చీలో కూర్చుంది.

“పరువు తీశావు. లే ముందు,” అన్నాడాయన పళ్ళ సందున.

ఆమె అన్నం కలుపుకుంది. పొగలు వస్తున్నాయి, వేళ్ళు కాలాయి. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలింది. తమ చేతి వంట వేడిగా తింటే ఇంత బావుంటుందని తెలియకుండానే రాజమ్మక్క పోయింది.