లాల్ అహ్మద్ చెప్పని జవాబు

"ఈ గదికి ఇంకో తలుపుందంటమ్మా. కనపడదంట," అని కంప్యూటరు తెర మీది ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పి ఊరుకున్నాడు లాల్ అహ్మద్. మౌస్ పట్టుకున్న అంకమ్మ మళ్లీ మొదటి గోడ దగ్గరికి వెళ్లింది. పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులో పనిచేసే ఆ మనిషి ప్రతి సెలవుకీ ఇక్కడికే వస్తుంది. ఆటలోని ఈ గదిలో ఇరుక్కుపోయి చాలా వారాలైంది.

చిలకలూరిపేట హైవే పక్కన ఈ గేమ్స్ సెంటర్లో ఒకప్పుడు అందరూ ఇలాంటి సాహసాల ఆటలే ఆడేవాళ్లు. ఒకడు ఆడుతుంటే పదిమంది వెనక చేరి, "ఒరేయ్, ఆ తివాచీ కింద చూడరా!" అని అరిచేవాళ్లు. ఇంగ్లీషు రానివాళ్లకి చదివి చెప్పడమే లాల్ అహ్మద్ ఉద్యోగం. జవాబులన్నీ తెలిసినా ఒక్కటీ పైకి చెప్పి ఎరగడు. ఎంత నిగ్రహమండీ ఆ మనిషిది! తర్వాత తుపాకుల ఆటలొచ్చాయి. వాటిల్లో చదవడానికేముంది, కాల్చడమే. చెవులకు హెడ్‌ఫోన్లు, ఎవడి గోల వాడిది. పాత ఆట ఉన్న కంప్యూటరు ఇదొక్కటే మిగిలింది, దాని మీద ఆడేది అంకమ్మ ఒక్కతే.

ఈ పూట దాన్నీ తీసేస్తున్నారు. గుమ్మం ముందు కొత్త మిషన్ల పెట్టెలతో ఆటో ఆగి ఉంది.

"బాబాయ్, ఇంకెంతసేపు? ఆ జవాబేదో చెప్పెయ్," అన్నాడు కుర్ర ఓనరు చైతన్యకృష్ణ.

లాల్ అహ్మద్ నోటిదాకా వచ్చింది మాట. ఇప్పుడు చెప్పకపోతే ఆ తలుపవతల ఏముందో ఆమె ఈ జన్మకి చూడదు.

అంకమ్మ గిరుక్కున తిరిగింది. "చెప్పావంటే నీ మొహం చూడను అన్నా!"

"ముందు పెట్టెలు దించుదాం బాబూ," అని లాల్ అహ్మద్ తనే ఆటో దగ్గరికి నడిచాడు. అసలే నడుంనొప్పి మనిషి. ఒక్కో పెట్టెనీ పసిబిడ్డను మోసినట్టు, వీలైనంత నిదానంగా మోశాడు. ఓనరు విసుక్కున్నా వినిపించుకోలేదు.

ఆఖరి పెట్టె గుమ్మం దాటుతుండగా లోపల్నుంచి కేక.

"అన్నా! మిల్లులో పత్తికుప్పలో నిప్పు రాజుకుంటే, అదెక్కడుందో లైట్లు ఆర్పేసి చూస్తాం గదా మేము!"

ఆటలోని లాంతరు మీద నొక్కి ఆర్పేసింది. గది చీకటైంది. గోడలో సన్నటి వెలుగు గీత. అక్కడ నొక్కితే తలుపు తెరుచుకుంది. అవతలంతా సముద్రం!

లాల్ అహ్మద్ చెమట తుడుచుకుంటూ వచ్చి చివరి వాక్యం చదివాడు. "ఇంతదూరం నీ అంతట నువ్వే వచ్చావు, అంటున్నారమ్మా."

అంకమ్మ నవ్వబోయి ఏడ్చేసింది. పమిటతో ముక్కు తుడుచుకుని, "వెళ్లొస్తా అన్నా," అని ఇంటికెళ్లే షేర్ ఆటో ఎక్కడానికి పోయింది.

"బాబాయ్, రేపట్నుంచి మరి..." ఓనరు నసిగాడు.

"తెలుసులే బాబూ. కొత్తవాటిల్లో నేను చదివేదేముంది?"

క్యారేజీ చేతికి తగిలించుకుని, చెప్పులేసుకుని లాల్ అహ్మద్ బస్టాండు వైపు వెళ్లిపోయాడు.

పాత కంప్యూటర్ని ఆటోలోకి ఎక్కించారు. బల్ల మీద మౌస్ ఒక్కటే ఉండిపోయింది, దాని చక్రంలో కాస్త పత్తినూగు చిక్కుకుని.