పిటిషనక్క పెట్టిన సంతకం

ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన కాగితంలో ఆరో వరుస దగ్గర పిటిషనక్క ఆగిపోయింది. "పైవన్నీ నాకు వివరించారు, నాకు పూర్తిగా అర్థమయ్యాయి" అని ఉందక్కడ. కింద సంతకానికి చుక్కల గీత. ఆమె పెన్ను మూత కూడా తీయలేదు.

"ఇది అబద్ధం. నాకు అర్థం కాలేదు," అంది డాక్టరమ్మతో.

డాక్టరమ్మ పొద్దుటి నుంచి కూర్చున్నట్టు లేదు. గోడకి ఆనుకుని చెప్పింది. "మళ్ళీ చెప్తాను. మీ తమ్ముడి తలలో నీరు చేరుతోంది. అది మెదడుని నొక్కుతోంది. సన్నటి గొట్టం వేసి తీసేయాలి. నాలుగింటికి థియేటర్ ఖాళీ అవుతుంది."

"తీస్తే లేస్తాడా?"

"లేవచ్చు."

"మాట్లాడతాడా?"

"చెప్పలేను."

"తీయకపోతే?"

"ఎక్కువ రోజులు ఉండడు."

"పక్క మంచం అతను వీడికంటే ఎత్తు నుంచి పడ్డాడు. లేచి కూర్చుని భోజనం చప్పగా ఉందని కేకలేస్తున్నాడు. వీడెందుకు లేవలేదు?"

"అదీ చెప్పలేను."

"మరి చెప్పగలిగింది ఏదన్నా ఉంటే కాగితం మీద రాసివ్వండి."

డాక్టరమ్మ చేతి గడియారం చూసుకుంది. మూడున్నరకల్లా కాగితం కావాలని చెప్పి వెళ్ళిపోయింది.

పిటిషనక్కకి కాగితాలంటే ఆటలు కాదు. ఆమె బట్టల ఫ్యాక్టరీలో ఇస్త్రీ మనిషి. మోచేతుల దాకా ఆవిరి మచ్చలు. బడి ముఖం చూడలేదు. ఆమెకి పదహారేళ్ళప్పుడు నాన్న బాయిలర్ దగ్గర కాలిపోయి మంచాన పడ్డాడు. కంపెనీ ఆఫీసరు పళ్ళబుట్టతో వచ్చి, మంచి మాటలు చెప్పి, నాన్న వేలిముద్ర పట్టుకుపోయాడు. తప్పంతా పనివాడి అజాగ్రత్తేనని ఆ కాగితంలో ఉందట. దాన్ని చదవగలిగిన మనిషి ఆ ఇంట్లో ఒక్కరూ లేరు. నాన్న పోయిన నెలలోనే ఆమె అక్షరాలు మొదలుపెట్టింది. బస్సు బోర్డులు, సబ్బు రేపర్లు, గోడ మీది ప్రకటనలు, ఏది దొరికితే అదే పాఠం. అర్థం కాని కాగితం మీద వేలిముద్ర వేయనని అమ్మ దగ్గర మాట తీసుకుంది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళుగా ఫ్యాక్టరీలో ఎవరికి అన్యాయం జరిగినా పిటిషన్ ఆమే రాస్తుంది. పైన "విషయం" అని ఉంటుంది, మధ్యలో నంబర్లు వేసిన డిమాండ్లు. చివర ఒకే వరుస: ఏడు రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబివ్వాలి. పేరు అలా వచ్చింది.

"అక్కా, నువ్వు పైకి పోయినా ఊరుకోవు. అక్కడ మబ్బులు మోసేవాళ్ళని పోగేసి సంఘం పెడతావు," అనేవాడు తమ్ముడు. వాడు వెల్డరు. ఇంట్లో నవ్వించే మనిషి వాడొక్కడే.

పంతొమ్మిది రోజుల కిందట పొద్దున్నే, అన్నం డబ్బా చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "అక్కా, నీకో మాట చెప్పాలి." ఇస్త్రీ పెట్టెల వైర్లు పగిలి షాకులు కొడుతున్నాయని ఆమె పిటిషన్ రాస్తోంది. తల ఎత్తలేదు. "సాయంత్రం చెప్పు." వాడు సరే అన్నాడు. పదకొండింటికి, కడుతున్న బిల్డింగు మూడో అంతస్తు నుంచి పడ్డాడు. నడుముకి రక్షణ బెల్టు లేదు. కాంట్రాక్టరు ఇవ్వలేదు.

ఆ మాట ఏమై ఉంటుంది? పెళ్ళా? ఒంట్లో నలతా? ఎవరితోనన్నా గొడవా? పుప్పిపన్ను మీదికి నాలుక పోయినట్టు ఆమె మనసు రోజుకి వందసార్లు అక్కడికే పోతోంది. లోకంలో ఇంకేమీ అక్కర్లేదు. వాడు కళ్ళు తెరిచి "అక్కా" అంటే చాలు. ఆ తర్వాత ఎంత సోది చెప్పినా పొద్దుగూకే దాకా కూర్చుని వింటుంది.

వార్డు బయట బల్ల మీద అమ్మ కూర్చుని ఉంది. పెదాలు కదులుతున్నాయి. పంతొమ్మిది రోజులుగా అలాగే కదులుతున్నాయి.

"ఏమందే డాక్టరు?"

"తెలియదంది. ఇంత పెద్ద బిల్డింగు కట్టుకుని, అందరూ కలిసి తెలియదంటున్నారు."

"పాపం, నిజమే చెప్పింది."

"నిజం నాకెందుకమ్మా, జవాబు కావాలి."

"ఇటు తే. నేను వేస్తా వేలు."

"నాకు మాటిచ్చావు."

"ఇచ్చాను కాబట్టే అడుగుతున్నా. లేకపోతే నీకు చూపించి వేస్తానా?"

"నాన్న కూడా ఇలాగే నమ్మి వేశాడు."

అమ్మ ఆమె వైపు తిరిగింది. "మీ నాన్న ఎవర్ని నమ్మాడే? పళ్ళబుట్ట తెచ్చినవాణ్ణి. వాణ్ణి నమ్మమని నేనెప్పుడన్నా అన్నానా?"

"మరి దేవుణ్ణా? ఇన్నేళ్ళలో ఆయన నీకేం చెప్పాడని?"

"ఏం చెప్పలేదు. చెప్పినా నా బుర్రకెక్కుతుందా? బస్సు నంబరే నువ్వు చదివి చెప్పాలి నాకు."

"అయితే ఎలా నమ్ముతావు?"

అమ్మ కొంగు అంచు వేలికి చుట్టుకుంది. "మీ నాన్న పోయినప్పుడు నేనిక లేవననుకున్నా. లేచాను. ఎలా లేచానో ఇప్పటికీ తెలియదు. నా బలం కాదని మాత్రం తెలుసు. ఎవరో లేపారు. అంతకంటే నాకు తెలియదే, నన్ను వేపుకు తినకు."

పిటిషనక్క లేచి మెట్ల దగ్గరికి పోయింది. ఖాళీ సిలిండర్లు నిలబెట్టిన మూల, పక్కనే కిటికీ. కింద ఆవరణలో ఇద్దరు మనుషులు రాళ్ళు సర్ది, సుత్తితో తట్టి, నేల చదును చేస్తున్నారు.

దేవుడితో ఆమెది పాత తగాదా. లేడని ఎప్పుడూ అనలేదు. ఉన్నాడనే తగాదా. లేనివాణ్ణి నిలదీసి ఏం లాభం? సంచిలోంచి నోటుబుక్కు తీసింది. చెయ్యి దానంతటదే రాసింది. విషయం: మా తమ్ముడు. ఒకటి, బెల్టు ఇవ్వని కాంట్రాక్టరు క్షేమంగా ఉండగా వాడే ఎందుకు పడ్డాడు? రెండు, మా నాన్న ఎందుకు కాలాడు? మూడు, ఆ పొద్దున నన్ను తల ఎందుకు ఎత్తనివ్వలేదు?

మూడోది రాసి, దాని కింద గీత గీసింది.

"ఇక్కడున్నారా?" డాక్టరమ్మ. చేతిలో పెద్ద నల్ల స్కాన్ ఫిల్ము. వివరంగా చూపిస్తే సంతకం పెడుతుందని కాబోలు, వెతుక్కుంటూ వచ్చింది. ఫిల్ముని కిటికీ అద్దానికి ఆనించి పట్టుకుంది. "చూడండి. ఇదే ఆ నీరు."

పిటిషనక్క దగ్గరగా చూసింది, దూరంగా జరిగి చూసింది. ఏ కాగితమూ ఇరవై ఏళ్ళుగా ఆమెని ఇలా వెక్కిరించలేదు. "నాకు మబ్బు పట్టినట్టుంది, అంతే."

"నాకూ మొదట్లో అంతే. ఇది చదవడం రావడానికి పదకొండేళ్ళు పట్టింది. ఇప్పటికీ కొన్ని చోట్ల ఊహే."

"ఊహ మీద తల కోస్తారా?"

"తెలిసినంత మేరకే కోస్తాను. ముందు చేతులు కడుక్కుంటాం కదా, అప్పుడు రోజూ ఒకటే అనుకుంటా. నాకు తెలిసింది ఇంతే, మిగతాది నువ్వు చూసుకో అని."

"ఎవరితో అంటారు?"

డాక్టరమ్మ నోటుబుక్కు వైపు చూసింది. "మీరు పిటిషన్ రాస్తున్నది ఎవరికో, ఆయనతోనే." ఫిల్ము చుట్టుకుని వెళ్ళిపోయింది.

పిటిషన్‌లో చివరి వరుస మిగిలింది. ఏడు రోజుల్లోగా. పెన్ను కాగితం మీద ఆనింది, కదలలేదు. ఆయన నిజంగానే జవాబు పంపితే? మూడు ప్రశ్నలకీ మూడు జవాబులు రాసి పంపితే? మనిషి తలకాయ బొమ్మే చదవలేకపోయింది. ఆయన రాసింది ఏ అక్షరాల్లో ఉంటుందని, ఏ బడిలో నేర్చుకుని చదువుతుంది? చెవులు వేడెక్కాయి. పదహారో ఏట పడ్డ సిగ్గే, మళ్ళీ వచ్చింది. ఈసారి మోసగాడెవడూ లేడు. తన చిన్నతనం తనకి కనపడుతోంది, అంతే.

ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు గుర్తొచ్చారు. పిటిషన్ రాసి, "కూర్చోండి, చదివి వినిపిస్తా" అంటే వినరు. "ఎందుకక్కా, నువ్వున్నావుగా" అని గబగబా సంతకాలు పెట్టి బస్సుకి పరుగెడతారు. ఎన్నిసార్లు తిట్టిందో. మనిషిని అలా నమ్మకూడదు, తనని కూడా నమ్మకూడదు. ఆ మాట ఇప్పటికీ నిజమే. కానీ అలా ఒకరిని నమ్మి బస్సుకి పోవడం ఎంత హాయిగా ఉంటుందో ఇరవై ఏళ్ళలో ఆమెకొక్కసారీ తెలియలేదు. అందరూ ఆమె మీద వాలారు. ఆమెకి వాలడానికి గోడ లేదు.

కిటికీ అద్దానికి నుదురు ఆనించి, ఎవరైనా వింటారేమోనని చిన్నగా అంది.

"నువ్వున్నావుగా."

జవాబు రాలేదు. కింద సుత్తి చప్పుడు ఆగలేదు. ఆమె నోటుబుక్కు మూసింది. గడువు రాయలేదు. కాంట్రాక్టరు సంగతి వేరు. వాడికి నోటీసు వెళ్ళింది, ఏడు రోజులే, ఎనిమిదో రోజు ఫ్యాక్టరీ ఆడవాళ్ళంతా వాడి గేటు ముందు కూర్చుంటారు. దేవుడికి తల వంచినంత మాత్రాన వాడికీ వంచాలని ఎక్కడా లేదు.

మూడూ ఇరవైకి డాక్టరమ్మ గది తలుపు తట్టింది. కాగితం బల్ల మీద పరిచి, ఆరో వరుసలో "పూర్తిగా అర్థమయ్యాయి" అన్న రెండు మాటలూ కొట్టేసింది. పైన రాసింది: అర్థం కాలేదు. అయినా ఒప్పుకుంటున్నాను. కింద సంతకం పెట్టి తేదీ వేసింది.

"ఇలా కొట్టివేతలుంటే ఆఫీసువాళ్ళు ఒప్పుకోరండీ," అంది డాక్టరమ్మ.

"అబద్ధం కింద సంతకం పెట్టను. కొట్టివేత పక్కన మీరూ ఒక పొట్టి సంతకం పెట్టండి, చెల్లుతుంది. ఈ పని నాకు తెలుసు."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుని పెట్టింది.

నాలుగింటికి వాణ్ణి చక్రాల మంచం మీద తీసుకుపోయారు. గుండు తల చిన్నపిల్లాడి తలలా ఉంది. అమ్మ బల్ల మీద జరిగి చోటిచ్చింది. ఇద్దరూ భుజాలు ఆనించి కూర్చున్నారు. పిటిషనక్క పెదాలు కదిలించి చూసింది. డిమాండ్లు తప్ప వేరే మాటలు అలవాటు లేని నోరు. "నాకు వాడు కావాలి," అంది చివరికి. కాసేపాగి, "నాకు తెలియదు, నీకు తెలుసు," అంది. మళ్ళీ మొదటిదే అంది. ఆ రెండు మాటల మధ్యే సాయంత్రం గడిచింది.

గొట్టం సరిగానే పడిందని చెప్పారు. మూడో రోజున వాడు కళ్ళు తెరిచాడు. చూపు పైకప్పు మీదే నిలిచింది. అక్క వైపు తిరగలేదు, అమ్మ వైపూ తిరగలేదు.

"వినిపిస్తోందా వాడికి?" అడిగింది అమ్మ.

"తెలియదమ్మా," అంది పిటిషనక్క. ఆ మాట తన నోట్లోంచి అంత నెమ్మదిగా రావడం ఆమెకే కొత్తగా ఉంది.

తడిగుడ్డతో వాడి చేతులు తుడిచింది. వెల్డింగు నిప్పురవ్వల మచ్చలు ఒక్కొక్కటీ తుడిచింది. తర్వాత స్టూలు దగ్గరికి లాక్కుని, చెవిని వాడి పెదాల దగ్గరికి వంచింది. ఊపిరి వస్తోంది, పోతోంది. మాట లేదు.

"చెప్పరా," అంది. "ఇక్కడే ఉన్నాను."

నడుము నొప్పి పుట్టేదాకా వింది. లేచి ఒళ్ళు విరుచుకుంది. మళ్ళీ వంగింది.