మెలినోయి పిలుపు

ఉడికించిన గోధుమల మీద చక్కెర పొడి పరిచి ఫోటినీ అరచేత్తో అదుముతోంది. ఆత్మల శనివారం, పోయినవాళ్ళ పేరిట చర్చిలో గోధుమలు పెట్టి ప్రార్థన చేయించే రోజు. వంట బల్ల దగ్గర అత్తగారు అగ్లయా, ఫాదర్ చదవాల్సిన పేర్లు ఒక్కొక్కటే చెబుతుంటే భర్త స్టాథిస్ రాసుకుంటున్నాడు. మామగారు. మామగారి తమ్ముళ్ళు. చివరికి వాళ్ళలో పెళ్ళాన్ని కొట్టి ఊరొదిలి పారిపోయినవాడు కూడా.

“మన పాప?” అంది ఫోటినీ.

స్టాథిస్ కలం ఆపాడు. “ప్రతి ఏడూ ఇదేనా? బాప్టిజం కాని పిల్లకి చర్చిలో ప్రార్థన ఉండదు.”

ఎందుకు కాలేదో ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు. పుట్టీ పుట్టగానే పాపకి ఊపిరందని ఆ రాత్రి, ఆసుపత్రిలో ఫోటినీ మత్తులో ఉన్నా మాటలు చెవిన పడుతూనే ఉన్నాయి. ‘పేరు చెప్పండి, ప్రాణం మీదకొస్తే ఫాదర్ లేకపోయినా చెల్లుతుంది, నేనే పాపని గాల్లోకెత్తి బాప్టిజం ఇస్తాను’ అని నర్సు బతిమాలింది. ‘నా పేరు పెట్టాల్సిన పిల్ల. ఫాదర్ వచ్చాకే, పద్ధతిగా’ అంది అత్తగారు. ఫాదర్ వచ్చేసరికి తెల్లారింది. పాప లేదు. ‘పోయినదానికి నా పేరెందుకు?’ అని ఆవిడే మళ్ళీ అంది.

ఫోటినీ చేతులు కడుక్కుని కోటు వేసుకుంది.

“ఆ పాత గ్రీకు దేవుళ్ళ పిచ్చోళ్ళ దగ్గరికేనా?” అంది అగ్లయా. “దయ్యాల్ని వెంటేసుకు తిరిగే దేవత అట! పిచ్చెక్కిస్తుందట! రేపు వోలోస్‌లో నా మొహం ఎక్కడ పెట్టుకోను?”

“గడప దాటావంటే చూడు!” అని స్టాథిస్ అరిచాడు. ఆమె దాటింది.

ఊరి పైనున్న పెలియన్ కొండ మీద ఊట పక్కన కొందరు ఆడవాళ్ళు కుంకుమపువ్వు రంగు ముసుగులు వేసుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళు కొలిచే మెలినోయి పాతాళంలో పుట్టిన పిల్ల, పాతాళ రాణి పెర్సెఫోనీ కూతురు. సగం ఒళ్ళు తెలుపు, సగం నలుపు. శాంతి దొరకని మృతులు ఆమె వెంట నడుస్తారు. వందల ఏళ్ళుగా ఎవరూ తలవని ఆ దేవతని ఈ ఆడవాళ్ళు మళ్ళీ పిలుస్తున్నారు. ఫోటినీతో మందుల షాపులో పనిచేసే దనాయి ఆమె చేతికి పాల గిన్నె ఇచ్చింది. “ఎవర్ని పిలవాలి, ఫోటినీ? బాప్టిజం సంగతి ఇక్కడెవరూ అడగరులే.”

ఫోటినీ నోరు తెరవబోయింది. కింద కారు తలుపు ధడాలున మూసిన చప్పుడు. స్టాథిస్ రొప్పుతూ ఎక్కి వస్తున్నాడు. అతను వచ్చేలోపే చెప్పెయ్యాలా? కాదు. విననీ.

అతను ఎదురుగా నిలబడ్డాక పాలు నేల మీద ధారగా పోసింది.

“అవ్గీ,” అంది గట్టిగా. గ్రీకులో తెల్లవారుజాము అని దానర్థం. “అవ్గీ, నా తల్లీ.”

పట్టుకు లాగబోయిన స్టాథిస్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. “ఆ పేరు... ఎప్పుడు పెట్టావు?”

“అది పోయిన రోజునే.”

“నాకు చెప్పలేదే!”

“నువ్వు అడగలేదు.”

అతను కళ్ళు దించుకున్నాడు. నెమ్మదిగా అన్నాడు. “కారెక్కు. ఇంటికెళ్దాం.”

“నువ్వెళ్ళు,” అంది ఫోటినీ. “అవ్గీ, నేనూ ఇంకాసేపుంటాం.”