చివర్లో ఉరికే పాట

కామరాజు కుర్రాడిగా ఉన్నప్పుడు ఆయన తండ్రి జాంబియాలో రాగి గనుల ఊళ్ళో లెక్కల మాస్టారు. అక్కడి స్నేహితులు కట్టిన 'కాపర్ స్మోక్' బ్యాండుకి డ్రమ్ములు ఈయనవే. ఆ ఊళ్ళో అంతకుముందు ఎవరూ ఎరగని సైకెడెలిక్ రాక్ అది, వింటే తల తిరిగేది. ఒక్క రికార్డు వచ్చింది. ఆ తర్వాత చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు.

యాభై ఏళ్ళకి ఇప్పుడా రికార్డుని ఎక్కడెక్కడి కుర్రకారో వెతుక్కుని వింటోంది. జాంబియా పాటగాడు చాందా బ్యాండుని మళ్ళీ నిలబెట్టి, ఊరూరా తిరుగుతూ సికింద్రాబాద్ వచ్చాడు. పాతవాళ్ళలో మిగిలింది తనూ, యాప్రాల్‌లో ఉంటున్న కామరాజూ. "నువ్వు వాయిస్తేనే అది మన బ్యాండు," అన్నాడు ఫోనులో. కామరాజు ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఆ వెనకే భయం. ఇన్నేళ్ళూ ఆయన చేతులు ఎరిగింది శనివారం భజనలో డోలక్ ఒక్కటే. ఈ ఒక్క కచేరీ దక్కితే చాలనుకున్నాడు.

రాంగోపాల్‌పేట్‌లో రిహార్సల్. పాట బాగానే సాగింది. చివరి చరణానికి మాత్రం కామరాజు చేతులు ఉరకలెత్తాయి. భజన ముగింపులో వేగం పెంచకపోతే దేవుడికి కోపమొస్తుందన్నట్టు వాయించేశాడు. గిటార్లు వెనకబడ్డాయి, పాట కుప్పకూలింది.

"ఏమనుకోకుండ్రి అంకుల్, ఆఖర్ల ఉరుకుతున్నరు," అన్నాడు ఇక్కడే బ్యాండులో చేరిన బేస్ గిటారు పృథ్వీ. "రికార్డుల సుత గిట్లనే ఉంది గని, అది టేపు మిషన్ తక్లీఫ్ అన్నరు. మేం సరిజేసి నేర్చుకున్నం."

కామరాజుకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కర్రలు కింద పెట్టేశాడు. "వేరే కుర్రాణ్ణి చూసుకో చాందా. నేను భజనకే పనికొస్తాను."

చాందా పడీపడీ నవ్వాడు. "మిషనూ లేదు, ఏమీ లేదు. అది వీడే. ప్రతి శనివారం వీళ్ళింట్లో భజన. ప్రసాదం కోసం మేమంతా వెళ్ళేవాళ్ళం. ఆ అలవాటుతో స్టూడియోలోనూ ఉరికాడు, వెంటపడి మేమూ పరిగెత్తాం. మా పాటంటే ఆ పరుగే. మీరు దాన్నే కోసేశారు."

ఇంటికొచ్చి చెబితే భార్య నాగజ్యోతి, "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదండీ. అలాగే వాయించండి," అంది. ఆ సంగీతం ఒట్టి గోలని ఆవిడ ఉద్దేశం.

ఆదివారం సాయంత్రం కచేరీకి జనం బాగానే వచ్చారు. ఏం వింటున్నామో తెలీక బిగుసుకుని కూర్చున్నారు. చివరి పాట చివరి చరణంలో కామరాజు చేతుల్ని వదిలేశాడు. ఈసారి గిటార్లు వెంట పరిగెత్తాయి. ఆ పరుగు ఈ ఊరికి తెలిసిందే. ఎవరూ చెప్పకుండానే హాలంతా చప్పట్లందుకుంది. ముందు వరసలో నాగజ్యోతి అందరికంటే గట్టిగా తాళం వేస్తోంది. కామరాజుకి కళ్ళు మసకబారాయి.

పాట ఆగింది. అలవాటు కొద్దీ వెనక నుంచి ఎవరో పెద్దాయన, "ఏడుకొండలవాడా, వెంకటరమణా," అన్నాడు.

హాలు నోరు తెరిచేలోపే చాందా మైకులో, "గోవిందా గోవింద," అన్నాడు.