ఒప్పుకోనన్న నోరు

వెనకటి కాలంలో ఆక్స్‌ఫర్డ్‌లో బూడిదరంగు అంగీల సన్యాసుల మఠం ఒకటుండేది. అందులో బ్రదర్ హేమో, బ్రదర్ వారిన్ ఇరవై ఏడేళ్లపాటు ఒకే విషయం మీద పోట్లాడుకున్నారు. మనిషి ఆలోచించేది ఏ భాషలో అన్నదే ఆ తగవు.

నీళ్లకు లాటిన్‌లో ఒక మాట, ఇంగ్లీషులో ఒకటి, ఫ్రెంచిలో ఒకటి ఉన్నా, వాటి వెనక మనసులో ఏ దేశానిదీ కాని మాట ఒకటుంటుందనీ, అది మనుషులందరికీ ఒక్కటేననీ వారిన్ పాఠం చెప్పేవాడు. పక్క గదిలో కూర్చుని హేమో దాన్ని చీల్చి చెండాడేవాడు.

"పెదవి దాటనంత మాత్రాన అది వేరే భాష అయిపోతుందట్రా? యార్క్‌లో పుట్టాను, మా అమ్మ నేర్పిన ఇంగ్లీషులో ఆలోచించాను. ఇక్కడికొచ్చి లాటిన్‌లో ఆలోచిస్తున్నాను. ఆ రెండూ తీసేస్తే నా బుర్రలో మిగిలేది గాలి."

"ఆ సంగతి నాకెప్పుడో తెలుసులే," అనేవాడు వారిన్.

పోట్లాట ముగిశాక ఇద్దరూ పక్కపక్కనే భోజనానికి కూర్చునేవారు. వారిన్‌కు చూపు ఆనదు. శుక్రవారం చేపలొస్తే హేమో ముళ్లన్నీ తీసి, అతని పళ్లెంలో పెట్టి, అప్పుడు తాను తినేవాడు.

ఒక ఏడు, ఈస్టరుకు ముందొచ్చే ఉపవాసకాలం మొదటి వారంలో హేమో పాఠం చెబుతూ చెబుతూ కుప్పకూలిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, నోరు వంకరపోయింది. మూడో రోజుకు గొంతు పెగిలింది గానీ ఒకే ఒక్క మాట మిగిలింది.

"నీళ్లు తాగుతావా?" అని అడిగాడు వారిన్.

"ఒప్పుకోను," అన్నాడు హేమో. అని రెండు కప్పులు గటగటా తాగేశాడు.

వాదసభల్లో ఎదుటివాడి మాటను తోసెయ్యడానికి నలభై ఏళ్లుగా వాడిన మాట అది. మిగతావన్నీ తుడిచిపెట్టుకుపోయి, అదొక్కటే నాలుకకు అంటుకుపోయింది. దుప్పటి కప్పినా ఒప్పుకోను, గంజి పోసినా ఒప్పుకోను. జబ్బువాళ్లను చూసే బ్రదర్ నవ్వు ఆపుకోలేక బయటికి పోయేవాడు. వారిన్ కూడా నవ్వేవాడు. ఆనక కళ్లు తుడుచుకునేవాడు.

నాడి పలచబడుతోందని తెలిసి మఠాధిపతి ఫాదర్ ఓస్బెర్ట్ చావుకు ముందు తైలం పూసే సంస్కారం, అవస్థాభ్యంగనం, ఇవ్వడానికి తైలం పట్టుకుని వచ్చాడు.

"బ్రదర్ హేమో, చేసిన పాపాలకు పశ్చాత్తాపపడుతున్నావా?"

"ఒప్పుకోను," అన్నాడు హేమో ఖణీమని.

ఓస్బెర్ట్ మళ్లీ అడిగాడు. మళ్లీ అదే జవాబు. తైలం గిన్నె పట్టుకున్న చెయ్యి కిందికి దిగిపోయింది. "నోటితో కాదన్నవాడికి ఎలా ఇవ్వను, వారిన్?" అన్నాడు దిగులుగా.

"అది నోరు, ఫాదర్. లోపల వేరే మాట అంటున్నాడు."

"నీ సిద్ధాంతం నెగ్గించుకోవడానికి ఇదా సమయం?"

ఆ మాట వారిన్‌కు ములుకులా గుచ్చుకుంది. నిజంగా హేమో కోసమే అన్నానా, లేక ఇరవై ఏడేళ్ల తగవు గెలవడానికా? ఎంత తరచి చూసుకున్నా తేలలేదు. మంచం పక్కన కూర్చుని, ఏం చెయ్యాలో తోచక, విద్యార్థులు రాసిన తర్కాలు తీసి కళ్లకు దగ్గరగా పెట్టుకుని పైకి చదవసాగాడు.

"పళ్లున్న ప్రతిదీ నములుతుంది. దువ్వెనకు పళ్లున్నాయి. కాబట్టి..."

ధన్‌మని చప్పుడైంది. హేమో ఎడమ పిడికిలి మంచం పలకను గుద్దింది. కళ్లు నిప్పులు కక్కుతున్నాయి.

వారిన్ మరొకటి చదివాడు. అందులో తప్పు లేదు, పిడికిలీ కదల్లేదు. ఇంకొకటి చదివాడు. తప్పున్న చోటే ధన్‌మంది. వారిన్ చెప్పులు కూడా తొడుక్కోకుండా మఠాధిపతి గదికి పరుగెత్తాడు.

ఓస్బెర్ట్ వచ్చి నిలబడి అయిదారు తర్కాలు విన్నాడు. నమ్మకం కుదిరీ కుదరక గడ్డం నిమురుకున్నాడు. అంతలో హేమో చెంపల మీద నీళ్లు కనబడేసరికి అతని మనసు కరిగింది. "పోనీలే వారిన్. పశ్చాత్తాపపడేవాడు ఏడుస్తాడు. ఇతను ఏడుస్తున్నాడు. కాబట్టి పశ్చాత్తాపపడుతున్నట్టే. ఇచ్చేద్దాం."

ధన్!



"ఒరే ముసలి గాడిదా, ఆయన నీ పక్షాన మాట్లాడుతున్నార్రా!" అని అరిచాడు వారిన్.

ధన్! హేమో ఎడమ చేత్తో పొయ్యి వైపు చూపించాడు. తడి కట్టెలు పొగలు కక్కుతున్నాయి. ఏడ్చేవాళ్లందరూ పశ్చాత్తాపంతోనే ఏడవరు మరి.

ఓస్బెర్ట్ ముందు తెల్లబోయాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "పైలోకం తలుపు తీసి రమ్మంటే, గడియ తప్పుగా బిగించారని వాదిస్తున్నాడే! లోపల మనిషి చెక్కుచెదరలేదు. వారిన్, నువ్వు బయటికి నడు. ఇతని పాపాల ఒప్పుకోలు వింటాను."

పిడికిలి గుద్దితే కాదు, అరచెయ్యి తెరిస్తే అవును అని గుర్తు పెట్టుకున్నారు. వారిన్ వసారాలో నిలబడ్డాడు. లోపలినుంచి అప్పుడో ధన్, ఇప్పుడో ధన్. మధ్యలో చాలాసేపు నిశ్శబ్దం.

తైలం పూసి ఓస్బెర్ట్ వెళ్లిపోయాక వారిన్ మంచం మీద కూర్చున్నాడు. "ఇప్పుడు చెప్పరా. ఇంగ్లీషూ పోయె, లాటినూ పోయె. మరి ఇందాక మా తప్పులు పట్టింది ఏ భాష?"

హేమో అతనికేసి తేరిపార చూసి, ఎడమ చెయ్యి నింపాదిగా దుప్పటి కిందికి లాక్కున్నాడు.

"ఒప్పుకోను," అన్నాడు. వంకరపోయిన మూతిలో నవ్వు మెదిలింది.

ఆ రోజే పోతాడనుకున్న మనిషి చెర్రీపళ్ల కాలం దాకా బతికాడు. రోజూ మధ్యాహ్నం వారిన్ మనసు భాష మీద తాను రాస్తున్న పుస్తకం తెచ్చి వినిపించేవాడు. ధన్‌మన్న చోటల్లా తోలు కాగితం మీది సిరా గీకేసి మళ్లీ రాసేవాడు. నాలుగో అధ్యాయం గుద్దులకు ఆగక మొత్తం ఎగిరిపోయింది. పోయినందుకు పుస్తకం బాగుపడిందని వారిన్ అందరికీ చెప్పేవాడు. హేమో జూన్ నెలలో, గంజి తాగి పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు.

ఆకురాలు కాలంలో తరగతులు మొదలయ్యాయి. హేమో పాఠం చెప్పే గదిలో గురువు చోటు ఖాళీగా ఉంది. వారిన్ అందులోకి వెళ్లి, హేమో బల్ల ముందు కూర్చుని, మనసుకు వేరే భాష లేదన్న పాఠం మొదలుపెట్టాడు. ఒక్క వాదమూ వదలకుండా, ఎక్కడా నీరుగార్చకుండా చెప్పాడు.

వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు లేచాడు. "బ్రదర్, ఇంతకీ మీది ఏ పక్షం?"

"ఈ నెలంతా హేమో పక్షం," అన్నాడు వారిన్. "కూర్చో. ఇంకా రెండు వాదాలున్నాయి."