నిలువుగీతల నీడ

ఆ వారంలో పదకొండో నక్షాను కూడా “గోడ గీత రెండుసార్లు పడింది” అని రాసి తిప్పి పంపిన తరువాత, తనిఖీ చేసే ఆవిడ కళ్ళద్దాలు తీసి కనురెప్పలు నొక్కుకుంది. ఆ భవన నిర్మాణ కార్యాలయంలో ఇరవై ఆరేళ్ళుగా ఆమె ముద్ర పడనిదే ఏ నక్షా గడప దాటలేదు. సోమవారం నుంచి ఆ ముద్రను మరొకరికి అప్పగిస్తానని పెద్ద ఇంజనీరు ఆ ఉదయమే చెప్పాడు. చూపులో లోపం లేదని కళ్ళ డాక్టరు రాసిచ్చిన కాగితం ఆయనను ఒప్పించలేకపోయింది.

నక్షాలు గీసేది ఆమె మరదలే, తమ్ముడి భార్య. తిరిగొచ్చిన కాగితం పట్టుకుని విసవిసా వచ్చింది.

“నా మీద కోపముంటే ఇంట్లో తిట్టు వదినా, పడతాను. లేని గీతను ఎక్కణ్ణుంచి చెరపమంటావు?”

“లేకపోతే నాకెలా కనబడుతోందే?”

“నా తెరమీద ఒక్కటే ఉంటోంది. నీ దగ్గరికొచ్చేసరికి కవలలు పుడుతున్నాయి!”

ఆమెకు నవ్వే ఓపిక లేదు. తిప్పి పంపిన పదకొండింటినీ వరసగా తెరిచింది. తప్పు పట్టినవన్నీ నిలువుగీతలే. అడ్డగీత ఒక్కటీ లేదు. గీసేవాళ్ళ పొరపాటుకు నిలువేమిటి, అడ్డమేమిటి? నక్షాను తెరమీద పావువంతు తిప్పి చూసింది. ఇందాకటిదాకా అడ్డంగా ఉన్న గీతలు నిలువై, కుడిపక్కన పలచటి నీడతో నిలబడ్డాయి. నిలువుగా ఉన్నవి అడ్డం తిరిగి ఒంటరివైపోయాయి.

నీడ నక్షాలో లేదు.

ఆమె పిలిపించిన కంప్యూటర్ మెకానిక్ బీరువా వెనక్కి దూరి, దుమ్ముతో బయటికొచ్చాడు.

“ఇదమ్మా సంగతి. పోయిన శనివారం బీరువా జరిపినప్పుడు తెర కేబుల్ దాని కాలికింద నలిగింది. నలిగినచోట సిగ్నల్ ఎదురుతన్ని కాస్త ఆలస్యంగా మళ్ళీ వస్తోంది, అందుకే నిలువుగీతకు కుడిపక్కన నీడ; అడ్డగీత నీడ దానిమీదే పడి కనబడదు. పాత అనలాగ్‌ది, పైగా పదిహేను మీటర్లు. ఫ్యాను రొద పడలేక కంప్యూటర్ డబ్బాను పక్కగదిలో పెట్టించుకున్నారే, అప్పుడే డిజిటల్ కేబుల్ వేద్దామన్నాను. బొమ్మ వస్తోందిగా, ఇంకెందుకన్నారు మీరే.”

“అన్నాను.”

“డిజిటల్‌దైతే ఇలా నలిగినప్పుడు చుక్కలన్నా పడేవి, తెరన్నా నల్లబడేది. అరగంటలో నన్ను పిలిచి చీవాట్లు పెట్టేవారు. ఇదేమో చెడి కూడా మర్యాదగా బొమ్మ చూపిస్తూనే ఉంది.”

అతను డబ్బాను తిరిగి ఆమె బల్లకిందికి చేర్చి, పొట్టి డిజిటల్ కేబుల్ తగిలించాడు. రొద మొదలైంది. రెండో గీత మాయమైంది.

“కేబుల్ పాడైందని రాసెయ్, చాలు. వద్దన్నది నువ్వేనని చెప్పుకోవడమెందుకు?” అంది మరదలు, గొంతు తగ్గించి.

ఆమె రెండూ రాసింది. పెద్ద ఇంజనీరు నిలబడే చదివాడు.

“అయితే కళ్ళు కావన్నమాట.”

“కావండి. కానీ తెరను అనుమానించాల్సింది, మనిషిని అనుమానించాను.”

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. “ముద్ర మీ దగ్గరే ఉండనివ్వండి,” అన్నాడు.

సంతోషించాలని ఆమెకు తెలుసు. భుజాలు మాత్రం రాళ్ళు మోసినట్టున్నాయి. సీటులోకి వచ్చి కూర్చున్నాక మరో సంగతి తట్టింది. లావు గీతల నక్షాల్లో నీడ ఆ గీతలోనే కలిసిపోయి ఉంటుంది. నిజంగా రెండుసార్లు పడిన గీత ఉన్నా అందులో దాక్కునే ఉంటుంది. వాటికి ఆమె అనుమానం లేకుండా ముద్ర వేసింది.

“ఈ వారం నేను సరేనన్నవి ఎన్ని?”

“పంతొమ్మిది. ఎందుకు?” అని, వదిన ముఖం చూసి మరదలు నుదురు కొట్టుకుంది. “నా తల్లీ! అవి కూడానా?”

“నీ పదకొండూ ముందు మళ్ళీ చూస్తాను, తరువాత అవి. పనిస్థలానికి ఫోన్ చేసి, ఆ పంతొమ్మిదింటి పనీ ఆపమని చెప్పు.”

“నన్నే తిడతారు వదినా.”

“నేను ఆపమన్నానని చెప్పవే.”

మరదలు ఫోన్ అందుకుంది. ఆమె కళ్ళద్దాలు తుడుచుకుని మొదటి నక్షా తెరిచింది.